మద్రాసులో మెదడు శస్త్రచికిత్సకు పీఠం వేసిన డాక్టర్ బి. రామమూర్తి

చిత్తూరు, నెల్లూరు జిల్లాల సరిహద్దు గ్రామాలవారికి చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషను ఎంత పరిచితమో, దానికి ఎదురుగా ఉన్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి కూడా అంతే పరిచితం. గూడూరు మార్గంలో వచ్చినా, రేణిగుంట మార్గంలో వచ్చినా, బండి దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి కనిపిస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు ఈ రెండు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే. రాష్ట్రాలు వేరైన తరువాత కూడా పెద్ద జబ్బు చేస్తే మద్రాసుకు పోవడం అన్న అలవాటు మన పల్లెల్లో పోలేదు. ఆ ఆసుపత్రిలో మెదడు, నరాల శస్త్రచికిత్సకు ప్రత్యేకమైన స్థానం కల్పించి, దానిని దేశంలోని ప్రముఖ కేంద్రాలలో ఒకటిగా తీర్చిదిద్దిన వ్యక్తి డాక్టర్ బాలసుబ్రమణ్యం రామమూర్తి. ఆయన కన్నుమూసి రెండు దశాబ్దాలు దాటింది. తల పెరిగిపోతున్న పసిబిడ్డను ఎత్తుకొని ఆసుపత్రి మెట్లెక్కే తల్లిదండ్రులకు ఆయన పేరు తెలియకపోవచ్చు. వారికి ఈనాడు అందుతున్న వైద్యం వెనుక మాత్రం ఆయన తరం వైద్యుల కృషి ఎంతో ఉన్నది.

జననం, విద్యాభ్యాసం

రామమూర్తి 1922 జనవరి 30న నాటి తంజావూరు జిల్లాలోని శీర్కాళిలో జన్మించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో వైద్య విద్యను అభ్యసించి, శస్త్రచికిత్సలో ఎం.ఎస్. పట్టా పొందారు. ఎడిన్‌బరో నుంచి ఎఫ్.ఆర్.సి.ఎస్. సాధించారు. ఆ రోజుల్లో మన దేశంలో మెదడు శస్త్రచికిత్సను ప్రత్యేక విద్యగా నేర్పే చోటు లేదు. నేర్చుకోవాలంటే సముద్రం దాటి పోవలసిందే. ఆయన ఇంగ్లండులోని న్యూకాసిల్ నగరంలో, తల గాయాల చికిత్సలో పేరుపొందిన రౌబోతమ్ అనే శస్త్రవైద్యుని వద్ద శిక్షణ పొందారు. అనంతరం కెనడాలోని మాంట్రియల్ నగరానికి వెళ్లి, మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో పటం గీసినట్టు చూపిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ సంస్థలో కొంతకాలం గడిపారు.

విదేశాల్లో స్థిరపడే అవకాశం ఉన్నా ఆయన తిరిగి వచ్చారు. 1950 అక్టోబరులో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్సా విభాగాన్ని ఆరంభించారు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు. అంతకు ముందు సంవత్సరం, 1949లో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ జాకబ్ చాందీ దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని నెలకొల్పారు. ఈ విధంగా దక్షిణ భారతంలో, మన సరిహద్దుకు దగ్గరలోనే, ఏడాది వ్యవధిలో రెండు కేంద్రాలు వెలిశాయి. 1951లో వీరిద్దరు, డాక్టర్ బల్దేవ్ సింగ్, డాక్టర్ ఎస్.టి. నరసింహన్ కలిసి భారత నాడీ వైద్య సంఘాన్ని స్థాపించారు.

మెదడులోని నాలుగు గదులు

రామమూర్తి గారి కృషి విలువ తెలియాలంటే మెదడు నిర్మాణం గురించి కొంత తెలుసుకోవడం అవసరం. మెదడు గట్టి ముద్ద కాదు. దాని లోపల ఒకదానితో ఒకటి కలిసిన నాలుగు గదులున్నాయి. వైద్యులు వీటిని వెంట్రికల్స్ అంటారు, తెలుగులో కోష్ఠకాలు అనవచ్చు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి చొప్పున రెండు పెద్ద గదులు ఉంటాయి. ఆ రెండూ నడిమధ్యన ఉన్న మూడవ గదిలోకి తెరుచుకుంటాయి. మూడవ గది నుంచి సన్నని కాలువ ఒకటి కిందికి, వెనుకకు దిగి నాలుగవ గదిలో కలుస్తుంది. ఈ కాలువ వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే. నాలుగవ గదికి ఉన్న చిన్న రంధ్రాల గుండా ద్రవం మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉన్న పొరల మధ్యకు చేరుతుంది.

ఈ గదుల గోడల్లో ఉండే రక్తనాళాల కుచ్చులు స్వచ్ఛమైన నీరువంటి ద్రవాన్ని ఎడతెగకుండా తయారుచేస్తుంటాయి. పెద్దవారిలో రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు, అంటే అర లీటరు ద్రవం ఊరుతుంది. ఒక్క సమయంలో తలలోను, వెన్నులోను కలిపి ఉండేది మాత్రం సుమారు 150 మిల్లీలీటర్లే. అంటే ఆ నీరు రోజుకు మూడు నాలుగు సార్లు మారుతుంది. పాతది రక్తంలోకి ఇంకిపోతుంది, కొత్తది వస్తుంది. ఈ ద్రవంలో తేలుతూ ఉండడం వలననే మెదడు తన బరువుకు తాను నలిగిపోకుండా ఉంటున్నది.

చెరువుకు ఊట ఎంత అవసరమో, కలుజు అంత అవసరం. కలుజు మూసుకుపోతే ఊట ఆగదు కనుక నీరు కట్టను తోస్తుంది. మెదడులో జరిగేది కూడా ఇదే. సన్నని కాలువ పుట్టుకతో మూసుకుపోయినా, గడ్డ ఏదైనా దారికి అడ్డుపడినా, మెదడు పొరల వాపు తరువాత నీరు ఇంకే చోట్లు పూడిపోయినా, గదులు ఉబ్బి మెదడును లోపలి నుంచి పుర్రె మీదికి నొక్కుతాయి. దీనినే హైడ్రోసెఫలస్ అంటారు, మన పల్లెల్లో మెదడులో నీరు చేరడం అంటారు. పసిబిడ్డలలో పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు గనుక తల పెరుగుతుంది. పెద్ద పిల్లలలోను, పెద్దలలోను తల పెరిగే వీలు లేదు గనుక తలనొప్పి, వాంతులు, చూపు మందగించడం, మగత కలుగుతాయి. చికిత్స లేకుంటే ప్రాణాపాయం.

ప్రాచీన కాలంలో ఐరోపా పండితులు మనస్సు, జ్ఞాపకం ఈ గదుల్లోనే కొలువుంటాయని భావించారు. మన పల్లెల్లో తల పెరిగిన బిడ్డను దృష్టి దోషమని, గ్రహచారమని, పూర్వజన్మ ఫలమని అనుకొని ఇంటికే పరిమితం చేయడం చాలాకాలం ఉన్నది. శాపమని నమ్మినచోట చికిత్సకు కదిలేవారు ఉండరు. దారి మూసుకున్న నీటికి దారి చేయవచ్చునని చూపిన తరువాతనే ఆ నమ్మకం సడలడం మొదలైంది.

గాలితో తీసిన పటాలు

రామమూర్తి గారు పని ప్రారంభించిన 1950లో సి.టి. స్కాన్ లేదు, ఎం.ఆర్.ఐ. లేదు. మామూలు ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనిపిస్తుంది గాని మెదడు కనిపించదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో వాల్టర్ డాండీ అనే శస్త్రవైద్యుడు 1918లో ఒక ఉపాయం కనిపెట్టారు. పుర్రెలో చిన్న రంధ్రం చేసి, సూదిని మెదడు గదిలోకి దింపి, కొంత ద్రవం తీసి ఆ స్థానంలో గాలి ఎక్కించి ఎక్స్‌రే తీయడమే ఆ ఉపాయం. గాలి నిండిన గది పటంలో నల్లగా కనిపిస్తుంది. గది ఉబ్బిందా, ఒక పక్కకు జరిగిందా, ఎక్కడ దారి ఆగింది అన్నది ఆ నల్లని ఆకారాన్ని బట్టి వైద్యుడు ఊహించాలి.

ఆ పరీక్ష రోగికి బాధాకరం, కొన్నిసార్లు ప్రమాదకరం కూడా. తలలోని ఒత్తిడి హఠాత్తుగా మారి స్థితి విషమించవచ్చు. అందువలన పటం తీసిన వెంటనే ఆపరేషన్ చేయడానికి థియేటర్ సిద్ధంగా ఉంచుకొనేవారు. లండనులో మొదటి సి.టి. స్కాన్ 1971లో జరిగింది. అప్పటివరకు, మన దేశంలో అయితే మరికొన్నేళ్లపాటు, మెదడు వైద్యులకు ఇటువంటి గాలి పటాలు, రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే పటాలే కళ్లు. రోగి నడక, చూపు, చేతిపట్టు, మాట తీరు ఓపికగా పరీక్షించి, గడ్డ ఏ వైపున ఉన్నదో ముందే నిర్ణయించుకోవలసి వచ్చేది. రామమూర్తి గారి తరం వైద్యుల నిశిత పరిశీలన ఈ లేమి నుంచే పుట్టింది.

క్షయ చేసిన హాని

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో మెదడు గడ్డలంటే అధికంగా కేన్సర్ జాతి గడ్డలే. మద్రాసులో పరిస్థితి వేరు. ఇక్కడ ఆపరేషన్ బల్ల మీదికి వచ్చిన గడ్డల్లో క్షయ వలన ఏర్పడినవి ఎక్కువగా ఉండేవి. పిల్లలలో ఇవి తల వెనుక భాగంలో, నాలుగవ గదికి దగ్గరలో ఏర్పడి, నీటి దారిని మూసివేసేవి. క్షయ క్రిములు మెదడు పొరలకు సోకినప్పుడు కూడా పొరలు దళసరిగా మారి, నీరు ఇంకక గదులు ఉబ్బేవి. ఈ క్షయ గడ్డలను గుర్తించడం గురించి రామమూర్తి గారు, ఆయన సహచరులు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో రాశారు. విదేశంలో నేర్చిన విద్యను ఇక్కడి జబ్బులకు అనుగుణంగా మలచుకోవడం ఆయన చేసిన ముఖ్యమైన పని.

స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు అందుబాటులోకి రావడంతో క్షయ గడ్డల చికిత్స మారింది. మందులే గడ్డను కరిగించగలవని క్రమంగా తెలియడంతో ఆపరేషన్ల అవసరం తగ్గింది. అయినా క్షయ మన ప్రాంతాలను విడిచిపోలేదు. క్షయ సోకిన మెదడు పొరల వాపు తరువాత నీరు చేరడం ఈనాటికీ మన ఆసుపత్రుల్లో కనిపించే సమస్యే.

గొట్టం కథ

నిలిచిపోయిన నీటిని తీసివేయాలని వైద్యులు చాలాకాలం నుంచి ప్రయత్నించారు. సూదితో తీస్తే మళ్లీ ఊరుతుంది. గొట్టం పెడితే అది పూడిపోయేది, లేదా నీరు ఎక్కువగా కారిపోయేది. ఒకే వైపుకు, కావలసినంతే నీరు పోనిచ్చే కవాటం అవసరమైంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నల్సన్, స్పిట్జ్ అనే వైద్యులు 1949లో కవాటం గల గొట్టాన్ని అమర్చారు. అక్కడే జాన్ హోల్టర్ అనే యంత్రాల పనివాడు, నీరు చేరిన తన కుమారుని కోసం సిలికాన్ రబ్బరుతో మెరుగైన కవాటం తయారుచేశాడు. 1956 నుంచి అది వాడుకలోకి వచ్చింది. ఒక తండ్రి ఆవేదన నుంచి పుట్టిన ఆ చిన్న పరికరం లోకంలోని ఎందరో బిడ్డలకు ప్రాణాధారమైంది.

ఈ గొట్టాన్నే షంట్ అంటారు. ఒక కొన మెదడు గదిలో ఉంటుంది. మరొక కొన చర్మం కింద మెడ, రొమ్ము మీదుగా దిగి కడుపు కుహరంలో ముగుస్తుంది. మెదడులో ఎక్కువైన నీరు కడుపులోకి చేరి అక్కడ ఇంకిపోతుంది. విదేశీ షంట్ల ధర పేదలకు అందనిది. తరువాతి కాలంలో మన దేశంలోనే చౌకైన షంట్లు తయారయ్యాయి. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ ఉపాధ్యాయ రూపొందించినది ఒకటి, ఉత్తరప్రదేశ్‌లో తయారయ్యే ఛాబ్రా షంట్ మరొకటి. ఆఫ్రికాలోని ఉగాండాలో ఛాబ్రా షంట్‌ను ఖరీదైన విదేశీ షంట్‌తో పోల్చి చూడగా, ఏడాది తరువాత ఫలితాల్లో తేడా కనిపించలేదని 2005లో వెల్లడైంది. ధర తక్కువ కనుక పని తక్కువ అని భావించనవసరం లేదు. కొందరు రోగులకు గొట్టం లేకుండా, దుర్భిణి సాయంతో మూడవ గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి దారి కల్పించే పద్ధతి కూడా ఇప్పుడు ఉన్నది.

మూడవ గది కొలబద్దగా

1960ల నుంచి మద్రాసు కేంద్రం స్టీరియోటాక్సీ అనే సూక్ష్మ శస్త్రచికిత్సలో పేరు గడించింది. తలకు లోహపు చట్రం బిగించి, కొలతల ప్రకారం సన్నని పరికరాన్ని మెదడు లోతుల్లోని నిర్ణీత బిందువుకు చేర్చడం ఈ పద్ధతి. వణుకుడు జబ్బుకు దీనితో చికిత్స చేసేవారు. స్కాన్లు లేని ఆ కాలంలో లోతైన బిందువును గుర్తించడానికి మూడవ గదియే మైలురాయి. దానిని పటంలో కనిపించేటట్టు చేసి, దాని అంచుల నుంచి మిల్లీమీటర్లలో కొలిచేవారు. నీరు నిండిన గది ఈ విధంగా శస్త్రవైద్యునికి కొలబద్ద అయింది.

ఈ కృషిలో డాక్టర్ వి. బాలసుబ్రమణ్యం, డాక్టర్ ఎస్. కల్యాణరామన్, డాక్టర్ టి.ఎస్. కనక ఆయనతో కలిసి పనిచేశారు. కనక 1968లో న్యూరోసర్జరీ పట్టా పొంది ఆసియాలో తొలి మహిళా న్యూరోసర్జన్‌గా గుర్తింపు పొందారు. ఆమె 2018లో కన్నుమూశారు. ఆడపిల్లకు కత్తి పట్టే విద్య ఎందుకనే రోజుల్లో ఆమెకు ఆ విభాగంలో చోటు దొరకడం గమనించదగిన విషయం.

ఆ కాలపు కృషిలో అన్నీ కాలానికి నిలవలేదు. అదుపులేని ప్రవర్తనకు, మత్తుమందుల వ్యసనానికి మెదడులో చేసిన ఆపరేషన్లను మద్రాసు బృందం కూడా ప్రచురించింది. రోగి అనుమతి, మనిషి స్వభావాన్ని మార్చే హక్కు గురించిన ప్రశ్నలు తలెత్తడంతోను, మెరుగైన మందులు రావడంతోను అటువంటి ఆపరేషన్లను ఇంచుమించు అంతటా విడిచిపెట్టారు. ఆయన జీవితాన్ని స్మరించేటప్పుడు ఈ విషయాన్ని దాచడం న్యాయం కాదు.

సంస్థలు, శిష్యులు

రామమూర్తి గారు ఒంటరిగా పేరు తెచ్చుకోవడం కంటె సంస్థను నిలపడం ముఖ్యమని భావించిన వ్యక్తిగా కనిపిస్తారు. మెదడు శస్త్రచికిత్సకుల పక్కన నరాల వైద్యులు, ఎక్స్‌రే నిపుణులు, కణజాలం పరీక్షించేవారు ఒకే చోట ఉండాలన్నది ఆయన పట్టుదల. ఆ ఆశయం మద్రాసు జనరల్ ఆసుపత్రి ఆవరణలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూరాలజీగా రూపుదాల్చింది. నరాల వైద్యంలో డాక్టర్ జి. అర్జున్‌దాస్, డాక్టర్ కె. జగన్నాథన్ అక్కడ పేరు గడించారు. ఆ సంస్థలో శిక్షణ పొందినవారు దేశంలోని అనేక చోట్లకు వెళ్లారు. డాక్టర్ పి.ఎన్. టాండన్‌తో కలిసి రామమూర్తి గారు సంపాదకత్వం వహించిన న్యూరోసర్జరీ పాఠ్యగ్రంథం 1980లో వెలువడింది. విదేశీ పుస్తకాల మీదనే ఆధారపడిన మన విద్యార్థులకు మన దేశపు అనుభవంతో రాసిన గ్రంథం లభించింది.

ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన తరువాత ఆయన అడయారు సమీపంలోని వాలంటరీ హెల్త్ సర్వీసెస్ ఆసుపత్రిలో సేవ కొనసాగించారు. డాక్టర్ కె.ఎస్. సంజీవి 1958లో స్థాపించిన ఆ సంస్థ తక్కువ ఆదాయం గలవారి కోసం ఏర్పడినది. అక్కడి మెదడు శస్త్రచికిత్సా కేంద్రానికి ఆచంట లక్ష్మీపతి గారి పేరు ఉండడం తెలుగువారికి సంతోషం కలిగించే విషయం. లక్ష్మీపతి గారు ప్రసిద్ధ ఆయుర్వేద పండితులు. వారి సతీమణి ఆచంట రుక్మిణి లక్ష్మీపతి 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన దేశభక్తురాలు, ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి.

1973లో భారత ప్రభుత్వం రామమూర్తి గారిని పద్మభూషణ్‌తో గౌరవించింది. చివరి దశలో ఆయన యోగం, చైతన్యం వంటి విషయాలను మెదడు శాస్త్రంతో కలిపి ఆలోచించారు. తన జీవిత కథను ఆంగ్లంలో గ్రంథస్థం చేశారు. 2003 డిసెంబరు 13న చెన్నైలో పరమపదించారు.

ఇంటివారు గమనించవలసినవి

ఆయన తరం వైద్యులు గాలి పటాలతో తడుముకొని కనుక్కొన్న జబ్బును ఈనాడు పసిబిడ్డ మాడు మీద ఉంచే అల్ట్రాసౌండ్ పరికరం నొప్పి లేకుండా నిమిషాల్లో చూపుతుంది. ఇక మిగిలినది ఇంటివారు ఆలస్యం చేయకపోవడమే. పుట్టినప్పుడు బిడ్డ తల చుట్టుకొలత సాధారణంగా 33 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది నిండేసరికి సుమారు 45 అవుతుంది. టీకాలకు వెళ్లినప్పుడు ఆశా కార్యకర్తతోనో, నర్సమ్మతోనో టేపుతో కొలిపించి కార్డు మీద రాయించుకోవడం మంచిది. తల అంతకంతకు వేగంగా పెరుగుతున్నా, బిడ్డ నిమ్మళంగా కూర్చుని ఉన్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగువుగా ఉన్నా, తల మీద నరాలు తేలినా, కనుగుడ్లు కిందికి దిగినట్టు కనిపించినా, పాలు తాగక వాంతులు చేసుకుంటున్నా వెంటనే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

షంట్ అమర్చిన బిడ్డకు జీవితాంతం జాగ్రత్త అవసరం. గొట్టం పూడిపోవచ్చు, చీము పట్టవచ్చు. ఆపరేషన్ అయిన బిడ్డకు తలనొప్పి, వాంతులు, జ్వరం, మగత కలిగితే మామూలు జ్వరమని ఇంటిలో ఉంచరాదు. ఆపరేషన్ కాగితాలు భద్రపరచి, వెళ్లిన ప్రతి ఆసుపత్రిలో చూపాలి. వృద్ధులలో నడక తడబడి, మూత్రం ఆపుకోలేక, మతిమరుపు కూడా తోడైతే అది ముసలితనమే కానక్కర లేదు. మెదడు గదుల్లో నీరు పెరగడం వలన కూడా అట్లు జరుగుతుంది. కొందరికి షంట్‌తో నడక తిరిగి వస్తుంది.

గర్భం దాల్చకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకుంటే బిడ్డకు వెన్ను చీలిక లోపం, దానితోపాటు వచ్చే మెదడు నీరు చాలావరకు తప్పుతాయి. పుట్టిన వెంటనే వేసే బి.సి.జి. టీకా పిల్లలకు క్షయ వలన వచ్చే మెదడు పొరల వాపు నుంచి రక్షణ ఇస్తుంది. ఇంటిలో ఎవరికైనా క్షయ ఉంటే పిల్లలను పరీక్ష చేయించాలి.

నేడు ఈ చికిత్సకు మద్రాసు దాకా పోనవసరం లేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలోనే న్యూరోసర్జరీ విభాగం ఉన్నది. వేలూరు, చెన్నై ఎప్పటివలెనే ఉన్నాయి. 1950లో 28 ఏళ్ల యువకుడు సముద్రం దాటి నేర్చిన విద్యను పేదల ఆసుపత్రికి తెచ్చాడు. ఆ విద్య ఇప్పుడు మన జిల్లాల దాకా వచ్చింది. తల పెరుగుతున్న బిడ్డను చాటున దాచక, తొలి వారాల్లోనే వైద్యునికి చూపించడం డాక్టర్ రామమూర్తి గారి కృషికి మన పల్లెలు తీర్చుకోగలిగిన ఋణం.